ముక్కుతో పలికే మాట

జూన్ 4, ఆదివారం

ఈ రోజు అక్క ఫోన్‌లో ఏడ్చింది. అంటే మాట మధ్యలో ఆపేసి, కాసేపటికి ఇంకేదో మాట మొదలుపెట్టింది. అక్క ఏడుపు చిన్నప్పటి నుంచీ అంతే.

వార్డులో ఫోన్ ఆదివారం ఒక్కరోజే ఇస్తారు, అదీ పది నిమిషాలు. ఎప్పటిలాగే తొమ్మిది నిమిషాలు మేమిద్దరం మాట్లాడుకుని, ఆఖరి నిమిషం చిన్ని చెవికి రిసీవర్ ఆనించాను. అమ్మ అను తల్లీ, అమ్మ అను అని పక్కనుంచి బతిమాలాను. అది చక్కగా, గట్టిగా, "అబ్బా" అంది. పద్నాలుగు నెలల పిల్లను నా చేతుల్లో పెట్టి, ఊపిరితిత్తుల జబ్బుతో ఇరవై నెలలుగా ఆసుపత్రిలో ఉన్న మనిషి. కూతురి నోట అమ్మ అన్న మాట కోసం వారమంతా ఎదురు చూస్తుంది. వినపడిందేమో ఎవరో తొడపాశం పెడితే వచ్చే మాట.

"ఒరేయ్, దానికి నాలుక కింద ఏమైనా అడ్డముందేమో చూపించరా. మూడేళ్ళు నిండబోతున్నాయి, ఒక్క మాటా తిన్నగా రావట్లేదు. నా జబ్బుగానీ దానికి..." అని ఆగిపోయింది.

పిల్లలందరూ అంతేలే అక్కా అన్నాను. ఏ పిల్లలను చూశానని అన్నానో నాకే తెలియదు.

జూలై నెలాఖరుకు ఇంటికి పంపిస్తారట. ఆసుపత్రి పక్కనే గది తీసుకుని ఉంటున్న బావ, వెనకనుంచి రిసీవర్ లాక్కుని మరీ చెప్పాడు. అంటే ఎనిమిది వారాలు. అక్క వచ్చేలోగా దీని చేత అమ్మ అనిపించాలి. మిగిలిన పనులన్నీ దీని తర్వాతే.

నాకు కాస్త జలుబు చేసింది.

జూన్ 5

జలుబు.

జూన్ 6

ముందు గదిలో పుస్తకాల బైండింగు, వెనక గదిలో మా కాపురం. కటింగ్ మిషన్ దగ్గర నిలబడే గంటసేపూ చిన్నిని మేడ మీద ఇంటావిడ చూసుకుంటుంది. మిగతా పొద్దంతా అది నా బల్ల కిందే. అచ్చయిన ఫారాలు మడతపెట్టినట్టు నటిస్తుంది, నాతో మాట్లాడుతుంది, నేను జవాబిస్తాను. దాని మాటలన్నీ నాకు అర్థమవుతాయి. బయటివాళ్ళకే ఎందుకు కావో.

ఇవాళ పోస్టుమాన్ నీ పేరేంటి పాపా అంటే "దా పేరు చిద్ది" అంది. చిట్టీయా అన్నాడతను. కాదట. చివరికి నా వంక తిరిగి, "బాబయ్యా, దీళ్ళు" అంది. నీళ్ళిచ్చాను. మామయ్య అనమని నేర్పినవాడిని నేనే. ఇంటావిడ మెట్ల మీద కూర్చుని, మేనమామవి కాస్తా బాబాయివి అయిపోయావేంటయ్యా అని ఒకటే నవ్వు. ఆరు నెలలు సావాసం చేస్తేనే వారు వీరవుతారంటారు, మీది ఇరవై నెలల సావాసమాయె అంది.

ఆవిడ మాటలు నాకెప్పుడూ సగమే అర్థమవుతాయి. మిగతా సగం, పడిశం పది రోగాల పెట్టు అని ఆరేళ్ళుగా పాడుతున్న పాట.

జూన్ 8

చెవి, ముక్కు, గొంతు చూసే డాక్టరు దగ్గరికి చిన్నిని తీసుకెళ్ళాను. ఆవిడకు యాభై ఉంటాయి, నవ్వదు. చిన్ని చెవుల్లోకి చూసింది, నోరు తెరిపించి నాలుక పైకెత్తించింది, ముక్కులో దీపం వేసింది. ఒక కారు బొమ్మ చేతికిచ్చి మాట్లాడించింది. చిన్ని బొమ్మను "ఇది దాది" అని తన సొంతం చేసుకుంది.

నేను చేతులు నలుపుకుంటూ కూర్చున్నాను. ఏదైనా లోపం ఉందంటే అక్కకు ఎలా చెప్పాలా అని లోపల మాటలు కూర్చుకుంటున్నాను.

డాక్టరు కలం కింద పెట్టి, మీరొకసారి అమ్మ అనండి అంది. అన్నాను. ఇప్పుడు ముక్కు వేళ్ళతో గట్టిగా మూసుకుని అనండి అంది. అన్నాను. ఇప్పుడు వదిలేసి అనండి. అన్నాను. చిన్ని ఇది మంచి ఆటనుకుని అదీ ముక్కు పట్టుకుంది.

ముక్కు మూసినా, తెరిచినా నా నోట ఒకే మాట వచ్చింది.

"పాపకేం లేదండీ," అంది డాక్టరు. "పాప మీ దగ్గర మాటలు నేర్చుకుంది. మీరెలా అంటే అలా అంటోంది. మ, న ముక్కుతో పలికే అక్షరాలు. మీకు ముక్కు లేదు."

ముఖానికి ఇంత ముక్కు పెట్టుకుని కూర్చున్నవాడిని పట్టుకుని. నా కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది, బహుశా దారి మూసుకుపోవడానికి అదీ ఒక కారణమేమో. ఆవిడ నా కోపాన్ని పట్టించుకోలేదు. నోరు మూసుకుని "మ్" అనమంది. ప్రయత్నించాను. రాలేదు. ముఖం ఎర్రబడింది గానీ చప్పుడు రాలేదు. ఈ లోకంలో ఎవరికైనా వచ్చేది అది ఒక్కటీ నాకు రాదని ముప్పై తొమ్మిదో ఏట తెలిసింది.

ఇది జలుబు కాదట. పాత కాగితాల దుమ్ము పడట్లేదట. కనుబొమల మధ్య బరువు, బుగ్గల్లో నొప్పి, పొద్దున్నే ఇరవై తుమ్ములు, అన్నీ దాని పిల్లలేనట. వాడుతున్న మందులేంటని అడిగితే, అప్పుడప్పుడూ ముక్కులో చుక్కలు వేసుకుంటానని చెప్పాను.

"రోజుకెన్నిసార్లు అప్పుడప్పుడు?"

నేను లెక్క చెప్పలేదు. ఆవిడ లెక్క రాసుకుంది.

ఆ చుక్కలు గంటసేపు దారి తెరిచి, తర్వాత మునుపటికంటే గట్టిగా మూస్తాయట. మొదటి వారం నరకంలా ఉంటుంది, మానేయండి అంది. పొద్దునా సాయంత్రం కాచి చల్లార్చిన నీళ్ళలో ఉప్పు కలిపి ముక్కు కడుక్కోవాలి, వేరే స్ప్రే ఒకటి రోజూ కొట్టుకోవాలి, పని దగ్గర ముఖానికి మాస్కు కట్టుకోవాలి. పాప సంగతేంటన్నాను. మీరు బాగుపడితే అదే బాగుపడుతుందట.

తిరిగొచ్చే దారంతా చిన్ని నా భుజం మీద ముక్కు పట్టుకుని "అబ్బ, అబ్బ" అంటూనే ఉంది.

జూన్ 9

చుక్కల సంగతి ఇక్కడైనా రాసుకోవాలి. ప్రతి ఆదివారం ఫోన్ మోగడానికి పది నిమిషాల ముందు అటు రెండు, ఇటు రెండు వేసుకుంటాను. నా గొంతు మూసుకుపోయి ఉంటే అక్క కంగారు పడుతుందని. ఊపిరి జబ్బు మనిషికి తమ్ముడి ఊపిరి గురించి కూడా బెంగ ఎందుకని. ఇరవై నెలలుగా అక్క విన్నది నా మంచి గొంతు.

చిన్ని విన్నది అసలుది.

జూన్ 11, ఆదివారం

వేసుకోకూడదనుకున్నాను. ఫోన్ మోగే ముందు వేసుకున్నాను.

డాక్టరు పాపకేం లేదందని చెప్పాను. మరి మాట ఎందుకలా ఉందంది అక్క. వయసుతో సర్దుకుంటుందట అన్నాను. ఆసుపత్రిలో పెద్ద డాక్టరును అడిగిందట, పుట్టుకతో అంగిట్లో లోపం ఉంటే అలా పలుకుతారేమో చూపించమన్నాడట. వారం నుంచీ నిద్ర లేదని బావ చెప్పాడు. "నీ గొంతు మాత్రం గంటలా ఉందిరా, నీ పోలిక వచ్చినా బాగుండేది," అంది అక్క.

రిసీవర్ పెట్టేసి చాలాసేపు అట్టలకు జిగురు రాశాను. ఒక అట్టకు రెండుసార్లు రాశాను.

జూన్ 12

చుక్కలు వేసుకోలేదు.

జూన్ 13

వేసుకోలేదు. నోరు ఎండిపోయి నాలుక అట్టముక్క అయింది.

జూన్ 14

ఒక్క చుక్క. కుడివైపు మాత్రమే. దాన్ని వేసుకోవడం అనరు.

జూన్ 15

ఎడమవైపు అలిగింది.

జూన్ 16

సీసా తీసుకెళ్ళి ఇంటావిడకు ఇచ్చేశాను. గంటకోసారి మేడ ఎక్కి అడిగాను. మొదట పప్పుల డబ్బా వెనక పెట్టానంది, తర్వాత ఎక్కడ పెట్టానో గుర్తు లేదంది, చివరికి నాకెప్పుడిచ్చావయ్యా అంది. ఇంత బాగా అబద్ధమాడే మనిషి ఇన్నాళ్ళూ మేడ మీద ఉంటే నాకు తెలియలేదు.

జూన్ 18, ఆదివారం

ఈ రోజు అక్కకు నిజం చెప్పాను.

ఫోన్ తీసి, నేను అక్కా అన్నాను. అటునుంచి అక్క, ఎవరండీ మీరు అంది. అప్పుడు నాకు నా మాట మొదటిసారి వినపడింది. "దేదు అక్కా, దేదే" అంటున్నాను. పక్కనుంచి చిన్ని కూడా "దేదు, దేదు" అంటోంది. ఇద్దరం ఒకే గొంతుతో.

చెప్పడానికి ఏడు నిమిషాలు పట్టింది. చుక్కల సంగతి, డాక్టరు సంగతి, ముక్కు మూసినా తెరిచినా ఒకటే మాట రావడం. లోపం పిల్లది కాదక్కా, నాది అన్నాను. అలా అనడానికి కూడా నా ముక్కు సహకరించలేదు, "దాది" అని వచ్చింది. అక్క నవ్వడం మొదలుపెట్టింది. నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకుంది. నర్సు వచ్చి రిసీవర్ లాక్కోబోతే, ఉండమ్మా, నా తమ్ముడు నా కూతురికి జలుబు నేర్పించాడు అని చెప్పింది. ఇరవై నెలల్లో అక్క అంతసేపు నవ్వడం వినలేదు.

ఆఖరి నిమిషంలో గొంతు తగ్గించింది. "మాట సంగతి సరే. అది నన్ను గుర్తుపట్టదు కదరా. కొత్తమనిషిని చూసినట్టు చూస్తుంది. నా దగ్గరికి రాకపోయినా పరవాలేదు, అమ్మ అని ఒక్కసారి అంటే చాలు. ఎవరో ఒకావిడగా ఇంట్లోకి రావాలంటే భయంగా ఉంది."

అనిపిస్తానక్కా అన్నాను. గంట మోగింది.

జూన్ 22

ఉప్పునీళ్ళు. సింకు మీద వంగి ఒక ముక్కులోంచి పోస్తే రెండో ముక్కులోంచి రావాలి. మొదటిరోజు నోట్లోంచి, కళ్ళలోంచి, ఒక్కసారి చెవిలోంచి కూడా వచ్చాయనిపించింది. ఇవాళ మొదటిసారి రావలసిన చోటునుంచి వచ్చాయి. చిన్ని చప్పట్లు కొట్టింది. తర్వాత దాని గుడ్డబొమ్మను సింకు అంచున పడుకోబెట్టి ఓ గిన్నెడు నీళ్ళు పోసింది. బొమ్మ ఇంకా ఆరలేదు.

పాత రిజిస్టర్ల కట్టలన్నీ వెనక గదిలోంచి ముందు గదిలోకి మార్చాను. ఇన్నాళ్ళూ వాటి పక్కనే ఇద్దరం పడుకుంటున్నాం. చీపురు మానేసి తడిగుడ్డతో తుడుస్తున్నాను.

జూన్ 27

నా జిగురు కంపు కొడుతోంది. ఎప్పటినుంచి కొడుతోందో. మాస్కు తీసి నీళ్ళు తాగుతుంటే ఒక్కసారిగా పుల్లటి వాసన ముఖానికి కొట్టింది. మొదట ఎలుక చచ్చిందేమో అనుకుని బల్లలన్నీ జరిపాను. చివరికి జిగురు గిన్నె. మేడ మీదికెళ్ళి అడిగితే, ఆరేళ్ళుగా చెబుతూనే ఉన్నాను కదయ్యా అంది ఇంటావిడ. పడిశం పాట పాడిందని రాశాను గానీ, జిగురు పాట కూడా పాడేదన్నమాట.

గిన్నె పారబోసి కొత్త జిగురు కాచాను. మైదాకు వాసన ఉంటుంది. మర్చిపోయాను.

జూలై 3

"మ్."

ఇంకేం రాయను.

జూలై 4

రాస్తాను. నిన్న బల్ల దగ్గర కుట్టుకుంటూ, ఏదో ఆలోచిస్తూ, పెదాలు మూసుకుని ఊరికే "మ్" అన్నాను. వచ్చింది. ముక్కు లోపల తేనెటీగ దూరినట్టు గుయ్యిమంది. చేతిలో సూది వదిలేసి మళ్ళీ అన్నాను. చిన్ని బల్ల కిందనుంచి బయటికొచ్చి నా ముఖంలోకి చూసింది. దాని వేలు తీసి నా ముక్కు మీద పెట్టుకుని మళ్ళీ అన్నాను. అది చటుక్కున వేలు వెనక్కి లాక్కుని, మళ్ళీ తనే పెట్టింది.

సాయంత్రం దాకా అదే పని. నా ముక్కు మీద దాని వేలు, దాని ముక్కు మీద నా వేలు. చీకటి పడేవేళకు దాని ముక్కులోనూ తేనెటీగ దూరింది. ఎంత చిన్న ముక్కో, ఎంత సన్నటి చప్పుడో. నాకు ఏడుపొచ్చింది.

జూలై 9, ఆదివారం

మేక, మంచం, మెట్లు, ముక్కు. నీళ్ళు కూడా వచ్చాయి. "నాది" వచ్చింది. అది మొదట వచ్చింది.

ఫోన్‌లో అక్కకు మేక అని చెప్పించాను. ఎంత సంబరపడిందో.

జూలై 13

ఇవాళ "మామయ్యా" అంది. ఎవరినో పిలుస్తోందనుకుని వెనక్కి తిరిగి చూశాను.

జూలై 16, ఆదివారం

మూత, మామిడి, నిమ్మ, నాన్న. బావతో నాన్న అనిపించాను. ఆ మనిషి వెంటనే రిసీవర్ అక్క చేతికిచ్చేశాడు.

అక్క అడిగింది. అదింకా కష్టంగా ఉందక్కా, నోరు తిరగట్లేదు, వచ్చేవారం అన్నాను.

జూలై 19

బొమ్మ, నిచ్చెన, మబ్బు, వాన.

నా ముక్కు బాగుంది. నిన్న చెకప్పుకి వెళితే డాక్టరు లోపల దీపం వేసి చూసి, వాపు తగ్గింది అంది. నవ్వినట్టు కూడా అనిపించింది. పొద్దున తుమ్ములు రెండుకు దిగాయి.

జూలై 21

నిమ్మ అనగలిగే పిల్లకు అమ్మ అనడం ఎందుకు కష్టమవుతుందో ఇంటావిడ అడిగింది. పని ఎక్కువగా ఉందన్నాను.

జూలై 23, ఆదివారం

ఫోన్ దగ్గరికి రానని మొండికేసింది. నేనూ బలవంతం చేయలేదు.

వచ్చే ఆదివారం ఫోన్ ఉండదు. మనుషులే వస్తారు.

జూలై 24

నిజం రాస్తాను. ఇది ఎవరూ చదవరు, మళ్ళీ చదివితే నేనే చదవాలి.

అమ్మ అన్న మాట దానికి కష్టం కాలేదు. నేను నేర్పలేదు. మేక నేర్పాను, మంచం నేర్పాను, ఇంట్లో లేని మామిడికాయ కూడా నేర్పాను. ఆ ఒక్క మాట దగ్గరికి రాగానే జిగురు ఆరిపోతోందనో, ప్రెస్సువాళ్ళు వస్తారనో లేచిపోయాను. ఆ మాట అన్నరోజున అది వెళ్ళిపోతుంది. మామయ్యా అని మొదటిసారి పిలిచినప్పుడే సగం వెళ్ళిపోయినట్టయింది. బాబయ్య అంటే నేనొక్కడినే. మామయ్యలు ఊరినిండా ఉంటారు.

అక్కడ ఒక మనిషి ఎవరో ఒకావిడగా ఇంట్లోకి రావాలంటే భయపడుతోంది. ఇక్కడ నేను అక్షరాలు దాచుకుంటున్నాను. చుక్కలు మానడం ఇంతకంటే తేలిక.

రేపు పొద్దున్నే మొదలు.

జూలై 25

అది "అబ్బ" అంటుంది. పాతమాట, బాగా అలవాటైంది. నేను "అబ్బ కాదు. ముక్కు చీదు. అమ్మ అను" అంటాను. రుమాలు పట్టుకుంటే చీదుతుంది. మళ్ళీ "అబ్బ" అంటుంది. మళ్ళీ "అబ్బ కాదు".

ముప్పైసార్లు.

జూలై 26

మధ్యాహ్నం, రొట్టె తింటూ, ఎవరూ అడగకుండా, "అమ్మ" అంది.

మళ్ళీ అనమన్నాను. ఎవరు అంది.

మాట నేర్పాను గానీ మనిషిని ఎక్కడనుంచి తేను. అక్క ఫొటో చూపించాను. ఫొటోలో అక్క లావుగా, జడ ముందుకేసుకుని ఉంది. ఇప్పుడు సగమైపోయిందట, జుట్టు కత్తిరించారట. చిన్ని ఫొటో వంక చూసి "బాగుంది" అని రొట్టె తినడంలో పడిపోయింది.

జూలై 28

దాని బట్టలు ఉతికి మడతపెట్టాను. పెద్ద మూట కాదు. అక్కావాళ్ళ ఇల్లు రెండు వీధుల అవతలే, నడిచి వెళ్ళొచ్చు. నాకు తెలుసు. ఊరికే రాస్తున్నాను.

జూలై 30, ఆదివారం

వచ్చారు.

పదకొండుకు ఆటో ఆగింది. బావ సామాను దింపుతుంటే అక్క మెల్లగా దిగింది. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. మనిషి గాలికి ఎగిరిపోయేలా ఉంది. అయినా నన్ను చూడగానే, ఏరా నీ ముక్కు ఎలా ఉంది అని అడిగింది.

చిన్ని నా కాళ్ళ వెనక నిలబడింది. నేను పక్కకు తప్పుకుంటే కటింగ్ మిషన్ వెనక్కి పోయింది. అక్క దాన్ని పట్టుకోబోలేదు. ముందు గదిలో రిజిస్టర్ల కట్ట మీద కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుంది. దారి పొడుగునా అలాగే చేయాలని అనుకుంటూ వచ్చిందట, తర్వాత బావ చెప్పాడు.

నేను మిషన్ దగ్గర వంగి, ఎవరొచ్చారో చూడు, ఏమని పిలవాలి, నిన్న అన్నావుగా అన్నాను. చిన్ని పెదాలు బిగించుకుంది. పోనీలేరా, బలవంతపెట్టకు అంది అక్క. ఎంతో మామూలుగానే అంది.

బావ గుమ్మంలో పెట్టె పట్టుకుని, లోపలికి రావాలో వద్దో తెలియనట్టు నిలబడ్డాడు.

అక్క ముఖం మీద నవ్వు అలాగే ఉంచుకుని, పిల్లను పిలిచింది. పిలుస్తుండగానే ఏడుపు తన్నుకొచ్చింది. ఈసారి మధ్యలో ఆపలేకపోయింది. కళ్ళూ ముక్కూ ఏకమైపోయాయి. "చిద్దీ," అంది. "చిద్దీ, దేదే తల్లీ... దేదే, అబ్బదు."

మిషన్ వెనకనుంచి తల బయటికొచ్చింది.

అది అక్క వంక చాలాసేపు చూసింది. తనకు తెలిసిన మనిషి మాట విన్నట్టు చెవి కాస్త పక్కకు వంచింది. తర్వాత నడుచుకుంటూ వచ్చి, అక్క మోకాళ్ళ మధ్య నిలబడి, వేలెత్తి అక్క ముక్కు మీద పెట్టింది.

"అబ్బ కాదు," అంది, చాలా ఓర్పుగా. గౌను అంచు ఎత్తి అక్క ముక్కుకు పట్టింది. "ముక్కు చీదు. అమ్మ అను. అమ్మ."

అక్క ఆ గౌనులోనే చీదింది. నాకేసి చూడలేదు, బావకేసి చూడలేదు. పిల్ల ముఖంలోకి చూస్తూ, దాని వెనకే, అమ్మ అంది. బాగా వచ్చిందని చిన్ని తల ఊపి, మళ్ళీ అనమంది.